పక్షవాతం వచ్చిన మూడు నెలలకు బీపీ మామూలుకు వచ్చింది, మందులు ఆపవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. పాలకొల్లు దగ్గర పల్లెలో రొయ్యల చెరువులు చేసుకునే మీ నాన్నగారికి అరవై రెండేళ్లు, షుగరు కూడా ఉంది. మూడు నెలల క్రితం తెల్లవారుజామున లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు, మాట ముద్దగా వచ్చింది. మెదడు ఎడమ వైపు రక్తనాళం పూడుకుపోయిందని స్కానింగులో తేలింది. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు, మాట చాలావరకు తిరిగి వచ్చింది, బీపీ 128/78 ఉంటోంది. బీపీ లేనప్పుడు మందులెందుకని, ఇంగ్లీషు మందులు కిడ్నీలను పాడుచేస్తాయని బంధువులు అంటున్నారు. నలభై రోజుల చెట్టుమందు ఒకటి ఉందని, అది వాడినన్నాళ్లూ మిగిలిన మందులన్నీ ఆపాలని కూడా చెబుతున్నారు. మీ అమ్మగారు తిండి గురించీ కొబ్బరినీళ్ల గురించీ అడుగుతున్నారు. మీకేమో ఇది మళ్లీ వస్తుందా అన్న భయం ఉంది. నాన్నగారికి మాత్రం మోటారుసైకిలు మీద చెరువు గట్టుకు ఎప్పుడు వెళ్లవచ్చన్నదే ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మందులు ఆపకూడదు, సొంతంగా తగ్గించకూడదు. ఏ మార్పయినా ఆయనను చూస్తున్న వైద్యుడే చెయ్యాలి. నేను డెల్టా ఊళ్లలోనే చాలాకాలంగా జనరల్ మెడిసిన్ వైద్యం చేస్తున్నవాణ్ణి. మీ నాన్నగారి స్కాన్లు నేను చూడలేదు కనుక మోతాదుల జోలికి పోకుండా, ఆ మందులు ఎందుకు రాశారో, ఇంట్లో మీరు ఏమేం చూసుకోవాలో మాత్రం వివరంగా రాస్తాను.

బీపీ 128/78 వస్తోందంటే బీపీ జబ్బు పోయిందని కాదు, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ మాత్రలు పనిచేస్తున్నాయని. లాకు తలుపులు దించి ఉంచినందువల్ల దిగువ కాలవలో నీటిమట్టం తగ్గితే, నీళ్లు తగ్గాయి కదా అని తలుపులు ఎత్తేసేవాడు మన ప్రాంతంలో ఎవడూ ఉండడు. అయినా ఈ పొరపాటు ఇన్ని ఇళ్లలో జరగడానికి ఒక కారణం ఉంది. ఆమ్లోడిపిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందు కావడంతో, ఆపిన మొదటి రెండు మూడు రోజులు బీపీ పెద్దగా పెరగదు. ‘ఆపినా ఏమీ కాలేదు’ అన్న ధైర్యం అక్కడే పుడుతుంది. ఆ తర్వాత అంకె మెల్లగా పెరిగి పాత చోటుకు చేరుతుంది. అప్పుడైనా తలనొప్పో తల తిరగడమో వచ్చి హెచ్చరిస్తుందని ఎదురుచూడకండి. 170, 180 ఉన్నా ఏ బాధా తెలియనివారే ఎక్కువ. మీ నాన్నగారికి కూడా మూడు నెలల క్రితం, ఆ ముందు రోజు సాయంత్రం ఏ బాధా లేదని మీరే రాశారు.

ఇది పట్నాల జబ్బు అనే అభిప్రాయం మన పల్లెల్లో ఇంకా ఉంది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిగిన మరణాలకు కారణాలను కుటుంబాలను అడిగి నమోదు చేసిన అధ్యయనం ఒకటి ఉంది. అందులో 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల సంభవించినవేనని తేలింది. అంటువ్యాధుల కన్నా, ప్రమాదాల కన్నా అదే ఎక్కువ. ఆ మరణాల్లో గుండెపోటు వాటా, పక్షవాతం వాటా దాదాపు సమానంగా ఉన్నాయి. అప్పటికే పరిస్థితి అది. ఆ తర్వాత ఈ ఇరవై ఏళ్లలో వరి చేలు చెరువులయ్యాయి, నడక తగ్గింది, రాత్రంతా ఏరేటర్లు ఆగకుండా చూసుకుంటూ గట్టు మీద గడిపే నిద్రలేని బతుకు పెరిగింది. వీటిలో దేని వల్ల ఎంత అని లెక్క కట్టి చెప్పలేం గానీ, మా ఓపీకి వచ్చేవారి వయసు తగ్గుతోందని మాత్రం చెప్పగలను.

మళ్లీ వస్తుందా అని అడిగారు. రావచ్చు, అందుకే ఇంత చెప్పడం. ఒకసారి పక్షవాతం వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం, ఎప్పుడూ రానివారి కన్నా ఎంతో ఎక్కువ. మొదటి ఏడాదిలో మరీ ఎక్కువ. రెండోసారి వచ్చినప్పుడు మొదటిసారి కోలుకున్నంతగా కోలుకోవడం అరుదు. అయితే ఆ ప్రమాదాన్ని బాగా తగ్గించే మార్గాలు కొత్తవేమీ కావు, ఖరీదైనవీ కావు: బీపీని 130/80 లోపు ఉంచడం, ప్లేట్‌లెట్ మందు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, షుగరు అదుపు, పొగాకు మానడం. ఈ అయిదూ జరగవలసింది ఆసుపత్రిలో కాదు, మీ ఇంట్లో.

ఇప్పుడు మాత్రల సంగతి ఒక్కొక్కటిగా చూద్దాం. క్లోపిడోగ్రెల్ రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టకుండా చూస్తుంది. మొదట్లో దానితోపాటు ఆస్పిరిన్ కూడా ఇచ్చి మూడు వారాలకు ఆపేశారని, అది పొరపాటేమోనని మీ సందేహం. పొరపాటు కాదు. తీవ్రత తక్కువగా ఉన్న పక్షవాతాల్లో రెండింటినీ సుమారు 21 రోజులు కలిపి వాడి, తర్వాత ఒక్కదాన్నే కొనసాగించడం ఇప్పటి పద్ధతి. ఎక్కువకాలం రెండూ కలిపి వాడితే లాభం పెరగకపోగా రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మిగిలిన ఆ ఒక్కటీ మాత్రం ఆగకూడదు. పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడో, కంటి శుక్లం ఆపరేషనుకు వెళ్లినప్పుడో వారం రోజులు ఆపి రమ్మని ఎవరైనా అంటే, రాసిన వైద్యుడికి ఒక్క ఫోను చేసి అడగండి. చాలా సందర్భాల్లో ఆపవలసిన పనే ఉండదు.

అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్ర విషయంలో మన ఇళ్లలో పెద్ద అపోహ ఉంది. రిపోర్టులో కొలెస్ట్రాల్ అంకె మామూలుగా కనిపించగానే మాత్ర మానేస్తారు. ఆరోగ్యవంతుడి కోసం అచ్చువేసిన ఆ హద్దులు పక్షవాతం వచ్చిన మనిషికి వర్తించవు. మీ నాన్నగారి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) డిశ్చార్జి నాటికి 132 అని రాశారు; ఆయన విషయంలో అది 70 లోపు ఉండాలి. మందు మొదలుపెట్టి మూడు నెలలైంది కాబట్టి ఈ నెలలోనే కొలెస్ట్రాల్ పరీక్ష (లిపిడ్ ప్రొఫైల్) మళ్లీ చేయించండి. తొడలు, పిక్కలు విపరీతంగా నొప్పి పుడితే గానీ, మూత్రం ముదురు రంగులోకి మారితే గానీ వెంటనే వైద్యుడికి చెప్పాలి. మామూలు కాళ్ల పీకుడుకు మాత్ర మానేయవలసిన పని లేదు. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. దాన్ని చూసి కిడ్నీలు పోయాయని కంగారుపడేవారిని తరచూ చూస్తుంటాను. మోతాదు మార్చినా, మందు మార్చినా ఆ వాపు తగ్గిపోతుంది.

ఇక కిడ్నీల భయం. బంధువుల మాటల్లో అన్నిటికన్నా బలంగా పనిచేసేది ఇదే, అందుకే కాస్త ఆగి చెబుతాను. డయాలిసిస్ దాకా వెళ్లినవారిని అడిగితే, అంతకుముందు ఏళ్ల తరబడి బీపీ మాత్రలో షుగరు మాత్రలో వాడినవారే ఎక్కువమంది ఉంటారు. దాంతో మాత్రలే కిడ్నీలను తిన్నాయన్న నిర్ణయానికి జనం వచ్చేస్తారు. కిడ్నీల్లోని సన్నని రక్తనాళాలను దెబ్బతీసింది అదుపులో లేని బీపీ, అదుపులో లేని షుగరు. మీ నాన్నగారు వాడే టెల్మిసార్టాన్, షుగరు ఉన్నవారి మూత్రంలో ప్రోటీన్ పోకుండా అడ్డుకుని కిడ్నీలను కాపాడే మందుల కోవకు చెందినది. ఆ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ అంకె రక్తంలో కొద్దిగా పెరగడం సహజమే. ఉన్నదాని మీద 30 శాతం వరకు పెరిగి అక్కడ నిలిస్తే సాధారణంగా మందు కొనసాగిస్తారు. ఆయన క్రియాటినిన్ అప్పుడు 1.2, ఇప్పుడు 1.3 అన్నారు, అది భయపడవలసిన పెరుగుదల కాదు. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు వైద్యుడు చెప్పిన వ్యవధిలో చేయించుకుంటూ ఉంటే చాలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిపోయిన రోజుల్లో టెల్మిసార్టాన్, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ వంటివి తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. ఆ రోజు ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి అడగండి. తగ్గాక తిరిగి మొదలుపెట్టడం మరచిపోకండి.

నిజంగా కిడ్నీలను పాడుచేసే మందు మన ఊళ్లలో సందు చివర దొరుకుతుంది. మోకాళ్ల నొప్పులకూ నడుము నొప్పికీ చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రలూ, ఆర్‌ఎంపీ దగ్గర పొడిపించుకునే నొప్పి ఇంజెక్షన్లూ బీపీని పెంచుతాయి, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీల మీద భారం వేస్తాయి, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావానికి దారితీస్తాయి. ఈ రకం మాత్ర రోజుకొకటి వేసుకుంటూ, బీపీ మాత్ర కిడ్నీలకు పడదని మానేసినవారు మాకు కొత్త కాదు. మీ నాన్నగారికి చెయ్యి, భుజం నొప్పిగా ఉందన్నారు కనుక ముందే చెబుతున్నాను: నొప్పికి పారాసిటమాల్ వాడండి, అది చాలకపోతే వైద్యుణ్ణి అడగండి. నరాల బలానికని ఆరు నెలలకోసారి సెలైన్ ఎక్కించుకునే అలవాటు వల్ల రెండోసారి పక్షవాతం ఆగదు, డబ్బు దండగ తప్ప.

చెట్టుమందు గురించి. ఆ మందు పేరు, అందులో ఏముందన్నది మీకు చెప్పలేదు కాబట్టి నేనూ దాని గుణం గురించి ఏమీ అనలేను. కానీ నలభై రోజుల లెక్క గమనించండి. పక్షవాతం తర్వాత మెదడు సహజంగా కోలుకునేది ముఖ్యంగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో. ఆ వ్యవధిలో ఏ మందు ఇచ్చినా, ఏమీ ఇవ్వకపోయినా చాలామందికి చెయ్యీ కాలూ కొంత స్వాధీనంలోకి వస్తాయి. పావురం రక్తం రుద్దినా ఆ పేరు దానికే దక్కుతుంది. బాగుపడినవారు ఊరంతా చెబుతారు. రెండోసారి పడిపోయినవారు వచ్చి చెప్పరు. ఇలాంటి పొట్లాల్లో కొన్నింటిలో స్టెరాయిడ్లు, సీసం, పాదరసం బయటపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో ఒంటికి హుషారు వస్తుంది, దానితోపాటే షుగరూ బీపీ పైకి లేస్తాయి. పెద్దల మాట కాదనలేక ఇబ్బంది పడుతున్నారని అర్థమైంది. వారితో వాదన పెట్టుకోకుండా, ‘వైద్యుడు చెప్పిన మాత్రలు ఆపమనే మందు ఏదైనా మా ఇంట్లోకి రాదు’ అన్న ఒక్క హద్దు గీసుకుని దాని మీదే నిలబడండి.

బీపీ ఇంట్లో చూసే పద్ధతి గురించి రాయక తప్పదు, ఎందుకంటే మీరు పంపిన అంకెలు ఒకే రోజు 152, 118, 140 అని ఉన్నాయి. మిషను చెడిపోలేదు, చూసే తీరులోనే తేడా ఉంది. మణికట్టుకు పెట్టేది కాకుండా మోచేతి పైన చుట్టే మిషను వాడండి. చూసే ముందు అరగంట టీ, కాఫీ, చుట్ట వద్దు. మూత్రానికి వెళ్లి రావాలి. వీపు ఆనించుకునే కుర్చీలో, రెండు పాదాలూ నేలకు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టండి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి, పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీద ఉండాలి. పక్షవాతం వచ్చిన కుడి చేతికి కాకుండా ఎడమ చేతికి చూడండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసిపెట్టండి. ఉదయం మాత్రలు వేసుకునే ముందు, రాత్రి భోజనానికి ముందు, ఇలా వారం రోజులు చూసి, మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలినవాటి సగటు తీస్తే అదే ఆయన అసలు బీపీ. ఈ కాగితం వైద్యుడికి చూపిస్తే, ఓపీలో హడావిడిగా చూసిన ఒక్క అంకె కన్నా ఎంతో ఉపయోగపడుతుంది. రోజూ పదిసార్లు చూడకండి. అది మనిషికి భయాన్ని, భయం బీపీని పెంచుతాయి.

అమ్మగారి ప్రశ్నలకు వస్తే, తిండిలో మొదట పట్టించుకోవలసింది నూనె కాదు, ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే అన్నిటిలో కలిపి ఒక చిన్న చెంచా కన్నా తక్కువ. మన భోజనంలో కూరలో వేసిన ఉప్పుకు తోడు ఆవకాయ, మాగాయ, అప్పడం, ఎండుచేపల్లోని ఉప్పు, మజ్జిగలో కలుపుకునే ఉప్పు కూడా చేరుతాయి. ఉప్పు మానేయమంటే ఏ ఇంట్లోనూ జరగదు. పచ్చడి రోజూ కాకుండా వారానికి ఒకటి రెండుసార్లు వేలెడంత, ఎండుచేప పూర్తిగా బంద్, మజ్జిగలో ఉప్పుకు బదులు అల్లం, కరివేపాకు, నిమ్మరసం అంటే జరుగుతుంది. ఉప్పు తక్కువ తినేవారి కోసం అమ్మే ప్రత్యేక ఉప్పులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ వాడే మనిషికి వైద్యుణ్ణి అడగకుండా అది కొనకండి.

కొబ్బరినీళ్ల విషయంలో కోనసీమ వైపు వారికి నచ్చని మాట చెప్పవలసి వస్తుంది. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగున్నవారికి అది మేలే చేస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారికి, అందులోనూ టెల్మిసార్టాన్ వంటి మందు వాడేవారికి పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. వేసవిలో రోజుకు మూడు నాలుగు బొండాలు తాగి నీరసంతో వచ్చిన కిడ్నీ రోగులను చూశాం. మీ నాన్నగారికి పొటాషియం 4.4 ఉంది కాబట్టి అప్పుడప్పుడు ఒక బొండం తాగవచ్చు, అలవాటుగా రోజూ వద్దు. చేప మంచిదే. కాలవ చేపయినా, వరద గోదారిలో దొరికే పులసయినా చేపతో ఇబ్బంది లేదు. పులుసులో పోసే నూనె, వేసే ఉప్పు, ఆ పులుసుతో కలుపుకునే అన్నం కొలతతోనే ఇబ్బంది. అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీలో కూర, పప్పు పెంచమనండి. పూతరేకులు, కాజాల సంగతి వేరే చెప్పనక్కర లేదు.

షుగరుకు గ్లిమిపిరైడ్ వాడుతున్నారు కనుక ఉపవాసాల విషయం ముఖ్యం. కార్తీక సోమవారాల్లోనో ఏకాదశి నాడో మాత్ర వేసుకుని తినకుండా ఉంటే షుగరు పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి, ఒక్కోసారి ఒక పక్క బలహీనంగా కూడా కనిపిస్తుంది. అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. అందుకే అలాంటి సమయంలో ముందు గ్లూకోమీటరుతో షుగరు చూడాలి. 70 కన్నా తక్కువ ఉండి, స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకండి.

పొగాకు గురించి మీరు రాయలేదు, గోదారి లంకల్లో పండే పొగాకుతో చుట్ట కాల్చే అలవాటు ఆయన వయసువారికి మామూలే కనుక అడుగుతున్నాను. ఉంటే తగ్గించడం కాదు, మానడమే. ఖైనీ, గుట్కా కూడా అంతే. గురక పెద్దగా పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే అదీ వైద్యుడికి చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బీపీని అదుపులోకి రానివ్వదు. మరొకటి, ఆయన నాడి లయ తప్పి కొట్టుకుంటోందేమో ఒకసారి ఈసీజీతో గానీ, అవసరమైతే గుండె లయను 24 గంటలూ నమోదు చేసే హోల్టర్‌తో గానీ చూపించుకున్నారా? ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ లోపం ఉంటే గుండెలోనే గడ్డ కట్టి మెదడుకు చేరుతుంది, పక్షవాతం ప్రమాదం సుమారు అయిదు రెట్లు పెరుగుతుంది. అప్పుడు క్లోపిడోగ్రెల్ సరిపోదు, రక్తం గడ్డకట్టకుండా చేసే వేరే మందు కావాలి. డిశ్చార్జి కాగితంలో దీని ప్రస్తావన లేదన్నారు, వచ్చే ఓపీలో తప్పక అడగండి.

ఆ రోజు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వలేదని మీ మనసులో ఇంకా ఉంది. ఆ ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. నిద్రలో వచ్చిన పక్షవాతానికి లెక్క మెలకువ వచ్చినప్పటి నుంచి కాదు, చివరిసారి బాగా ఉన్నట్టు చూసినప్పటి నుంచి మొదలవుతుంది. ఆయన రాత్రి పదింటికి పడుకున్నారు, అయిదింటికి గమనించారు, ఆసుపత్రికి చేరేసరికి ఏడు దాటింది. ప్రత్యేక ఎమ్మారైతో నిర్ణయించే అవకాశం పెద్ద కేంద్రాల్లో ఉంటుంది గానీ అన్నిచోట్లా ఉండదు. కాబట్టి అందులో నిర్లక్ష్యం ఉందని నాకు అనిపించలేదు.

మళ్లీ అలాంటి పరిస్థితి ఎదురైతే ఏం చెయ్యాలో మాత్రం ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి ఎత్తలేకపోవడం, మాట తడబడటం, ఉన్నట్టుండి చూపు పోవడం, తూలి పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గడియారం చూసి టైము రాసుకుని 108కి ఫోను చెయ్యాలి. రక్తం అందని మెదడులో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. పది నిమిషాల్లో అదే తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. అలా వచ్చిపోయిన తర్వాత మొదటి రెండు రోజుల్లోనే అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. మన ప్రాంతంలో దాన్ని వాయువనో నీరసమనో అనుకుని పడుకోబెడతారు. మెదడులో గడ్డ కట్టిందో, నాళం చిట్లిందో సీటీ స్కాన్ తియ్యకుండా ఎంత అనుభవమున్న వైద్యుడూ చెప్పలేడు, కాబట్టి ఇంట్లో ఆస్పిరిన్ వెయ్యకండి, బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టించకండి, నీళ్లు కూడా తాగించకండి. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే మాత్రం అది గుండెపోటు కావచ్చు. గ్యాసని సోడా తాగించి కూర్చోబెట్టవద్దు. షుగరు ఉన్నవారికి ఆ నొప్పి స్పష్టంగా తెలియకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు.

ఎక్కడికి తీసుకెళ్లాలన్నది ముందే తేల్చుకోవాలి. మీకు దగ్గరలో రాత్రిపూట కూడా సీటీ స్కానూ వైద్యుడూ ఉండే ఆసుపత్రి ఏదో, భీమవరమో, ఏలూరో, రాజమండ్రో, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రో, ఫోను చేసి కనుక్కోండి. స్కాన్ లేని చోటికి ముందు వెళ్లి అక్కడి నుంచి పంపించుకోవడంలోనే విలువైన గంటలన్నీ పోతాయి. సఖినేటిపల్లి వైపు, లంక గ్రామాల్లో ఉండే మీ బంధువులకు కూడా ఇదే చెప్పండి. పంటు ఎన్నింటికి ఆగిపోతుందో, వరదల్లో ఏ దారి మూసుకుపోతుందో వారికే బాగా తెలుసు. చుట్టు తిరిగి వంతెన మీదుగా వెళ్లడానికి పట్టే సమయం లెక్కలో ఉండాలి. వైద్య సేవ కార్డు, ఆధార్, మందుల జాబితా, పాత డిశ్చార్జి కాగితం ఒకే సంచిలో ఉంచండి.

కోలుకోవడం విషయంలో రెండు మాటలు. ఫిజియోథెరపీ అంటే వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియోథెరపిస్టు చేయించేది మాత్రమే కాదు; అతను నేర్పినవి రోజుకు మూడు నాలుగు విడతలుగా ఇంట్లో చెయ్యాలి. కుడి చేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడం, గ్లాసు అందుకోవడం వంటి పనులు నిదానంగానైనా నాన్నగారే చెయ్యాలి, అమ్మగారు జాలిపడి చేసిపెట్టకూడదు. లేవదీసేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని లాగకండి, భుజం కీలు జారి ఆ నొప్పి నెలల తరబడి వదలదు. ఇప్పటి భుజం నొప్పికి కారణం అదేనేమో ఫిజియోథెరపిస్టుకు చూపించండి. అన్నం తినేటప్పుడు పొరమారుతుంటే నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టండి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటున్నారని, ఎవరొచ్చినా మాట్లాడటం లేదని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. నా దృష్టిలో మీ ఉత్తరంలో చిన్నగా కనిపించే పెద్ద విషయం అదే. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. అది మొండితనమూ కాదు, పిరికితనమూ కాదు, మందులతో తగ్గే జబ్బు. డిప్రెషన్ ఉన్న మనిషి వ్యాయామం చెయ్యడు, మాత్రలు వేసుకోడు. తర్వాతి ఓపీలో ఈ విషయం మీరే ముందుగా చెప్పండి, ఆయన చెప్పరు.

మోటారుసైకిలు ఇప్పుడే వద్దు. కాలి బలం ఒక్కటే చూస్తే సరిపోదు. కుడి పక్క చూపు ఎంతవరకు కనిపిస్తోందో, కుడి చెయ్యి బ్రేకును ఎంత వేగంగా పట్టుకోగలుగుతోందో, ఎదురుగా వచ్చినదానికి ఎంతసేపట్లో స్పందిస్తున్నారో వైద్యుడు పరీక్షించాకే ఆ మాట. గట్టు మీద తడి బురదలో జారి తలకు దెబ్బ తగిలితే, క్లోపిడోగ్రెల్ వాడుతున్న మనిషికి లోపల రక్తస్రావం మామూలు మనిషి కన్నా ఎక్కువవుతుంది. అయితే చెరువుకు పూర్తిగా దూరం చెయ్యకండి. పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఆటోలోనో మీ తమ్ముడి వెనకో తీసుకెళ్లి షెడ్డు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మేత లెక్క, నీటి పరీక్షల అంకెలు కుడి చేత్తో ఆయన చేతే పుస్తకంలో రాయించండి. అక్షరాలు వంకరగా వచ్చినా ఫరవాలేదు, ఆ రాతే ఆయన వేళ్లకు వ్యాయామం.